నొప్పి ఎవరిది, జ్ఞాపకం ఎవరిది?

కొలనోస్కోపీ అంటే కెమెరా అమర్చిన సన్నని గొట్టాన్ని మలద్వారం గుండా పంపి పెద్దపేగును పరీక్షించడం. దానికి ముందు పీచు తక్కువగా ఉండే ఆహారం, తర్వాత తేట ద్రవాలు, ఆపైన విరేచనాల మందు కలిపిన నీళ్లు. పేగు శుభ్రపడకపోతే దాని లోపలి గోడపై పెరిగే చిన్న పాలిప్‌లు కంటపడవు. చాలామందికి పరీక్ష కంటే ఈ తయారీయే కష్టం.

తత్త్వవేత్తలకు ఆసక్తి కలిగించేది మాత్రం నొప్పి లెక్క. వైద్యుడు డోనాల్డ్ రెడెల్‌మైయర్, మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ 1996లో ప్రచురించిన అధ్యయనంలో రోగులు పరీక్ష సాగుతుండగానే నిమిషనిమిషానికీ నొప్పి ఎంతో చెప్పారు. తర్వాత అడిగితే, వాళ్ల జ్ఞాపకం తీవ్రమైన క్షణాన్నీ చివరి నిమిషాలనూ పట్టుకుంది. పరీక్ష ఎంతసేపు సాగిందో దాదాపు లెక్కలోకే రాలేదు. 2003లో 682 మందిపై జరిపిన ప్రయోగంలో కొందరికి గొట్టం కొసను కాసేపు కదపకుండా ఉంచి, తక్కువ నొప్పితో పరీక్ష ముగించారు. అదనపు బాధ పడ్డవాళ్లే మొత్తం అనుభవం తక్కువ బాధాకరమన్నారు!

అయితే లెక్కకు రావలసింది బాధ పడినవాడి మాటా, గుర్తుంచుకున్నవాడి మాటా? అనుభవించినవాడే స్మరించగలడు కనుక ఆత్మ నిలకడగా ఉంటుందని న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికుల వాదం. బౌద్ధ క్షణికవాదులకు ఉన్నది క్షణాల ప్రవాహమే. అప్పుడు ప్రతి క్షణపు బాధా లెక్కలోకి రావాలి. మిడాజోలం వంటి మత్తుమందు జ్ఞాపకమే ఏర్పడకుండా చేస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. నైయాయికుల తర్కంలోనూ మరచిపోయినంత మాత్రాన అనుభవం జరగనిదైపోదు. కాబట్టి వైద్యుడు ముందు తగ్గించవలసింది నొప్పినే. జ్ఞాపకం కోసం పరీక్షను పొడిగించడం రోగికి చెప్పి, ఒప్పించి చేయవలసిన పని.