పటంలోని అతుకు: కూర్పు ఛాయాచిత్రం – సత్యం, సాంత్వన

రాయలసీమ ఇళ్లలో నడిమింటి గోడకు పెద్దల పటాలు కట్టడం రివాజు. పూలదండ, కుంకుమబొట్టు, చిన్న విద్యుద్దీపం ఉన్న ఆ పటాలలో భార్యాభర్తలు పక్కపక్కన కూర్చొని కనిపిస్తారు. అయితే వారిలో కొందరు బతికుండగా ఏనాడూ కెమెరా ముందు అలా కూర్చున్నవారు కారు. భర్త ముఖం ఓటరు గుర్తింపు కార్డు నుంచి, భార్య ముఖం బంధువుల పెళ్లిలో తీసిన గుంపు ఫోటో నుంచి, కట్టుబట్టలు స్టూడియోలో సిద్ధంగా ఉన్న నమూనాల నుంచి వచ్చి ఉంటాయి. వాటిని ఒక్కటి చేసింది కంప్యూటరు. జరగని కలయికను జరిగినట్లు చూపే ఆ పటం అసత్యమా? అసత్యమైతే దాని ముందు దీపం పెట్టే కుటుంబం మోసపోతున్నట్లా? ఈ నైతిక ప్రశ్నను పాఠపరిష్కరణ శాస్త్రం వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కలపవలసిన అవసరం

కర్నూలు, కడప ప్రాంతాలలో ఈ అవసరం విలాసం వల్ల పుట్టినది కాదు. కర్నూలు పడమటి పల్లెల నుంచి వాన లేని ఏడు కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి పోతాయి. పూర్వపు కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి ఎందరో కువైట్‌కు వెళ్లి పనిచేస్తున్నారు. కూతురి పెళ్లికి రాలేని తల్లిని పెళ్లి ఫోటోలో చేర్చమని అడిగే ఇల్లు ఉంటుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తినప్పుడు ఇళ్లలోని బియ్యం, బట్టలతోపాటు ఆల్బమ్‌లూ నీటిపాలయ్యాయి. అటువంటి ఇంటికి మిగిలేది ఏ కార్డు మీదనో ఉన్న గోరంత ముఖం. అందులోంచి మనిషిని తిరిగి నిలబెట్టమని అడగడాన్ని అబద్ధం కోరడమనలేము.

ఈ కోరిక కంప్యూటరుతో పుట్టిందీ కాదు. 1858లో ఇంగ్లండులో హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగటివ్‌లను కలిపి, మరణశయ్యపై ఉన్న యువతిని, చుట్టూ ఉన్న ఆత్మీయులను ఒకే చిత్రంగా కూర్చాడు. ఫోటోషాప్ 1990లో విడుదలైంది. 1994లో అందులో లేయర్లు చేరాయి. చీకటిగదిలో నిపుణుడు మాత్రమే చేయగలిగిన పని అప్పటి నుంచి చిన్న ఊరి స్టూడియోకూ అందుబాటులోకి వచ్చింది.

పని జరిగే తీరు ఇది. ముఖాన్ని దాని వెనుకటి దృశ్యం నుంచి వేరుచేసి ఒక లేయరుగా నిలుపుతారు. అంచును మెత్తబరుస్తారు. రెండు ఫోటోల రంగును, వెలుతురు దిక్కును సరిచేస్తారు. పాదాల కింద నీడ వేస్తారు. లేయర్లతో దాచిన ఫైలులో ఏ భాగం ఎక్కడిదో విడివిడిగా చూడవచ్చు. లేయర్లన్నిటినీ ఒక్కటిగా చదునుచేసి జేపెగ్‌గా మార్చిన తరువాత ఆ భేదం కంటికి అందదు. గోడకెక్కేది ఆ చదునైన రూపమే.

చిత్రతురగ న్యాయం

రససిద్ధాంత చర్చలో శంకుకుడు చెప్పిన చిత్రతురగ న్యాయం ఇక్కడ ఉపయోగపడుతుంది. బొమ్మలోని గుర్రాన్ని చూసి గుర్రమనుకొనే ప్రతీతి సమ్యక్, మిథ్యా, సంశయ, సాదృశ్య ప్రతీతులు నాలుగింటికీ భిన్నమైనది. నటుణ్ణి రాముడిగా గ్రహించడం కూడా అటువంటిదే. జంటపటాన్ని చూసే కూతురి అనుభవం దీనికి దగ్గరగా ఉంది. అమ్మానాన్నలు ఆ కుర్చీలలో కూర్చోలేదని ఆమెకు తెలుసు. అయినా ఆమె చూసేది అమ్మానాన్నలనే. కనుక ఆమె మోసపోవడం లేదు.

అయితే రెండింటికీ ఒక భేదం ఉంది. ఇది నాటకమని ప్రేక్షకుడికి రంగస్థలమే చెబుతుంది. ఛాయాచిత్రానికి అటువంటి రంగస్థలం లేదు. ఎదుట ఉన్న వస్తువును తాకి వచ్చిన వెలుతురే దాని పుట్టుక గనుక, అది 'ఈ మనిషి ఇక్కడ ఉన్నాడు' అని సాక్ష్యం పలుకుతుంది. జంటపటానికి రంగస్థలంగా నిలిచేది ఇంటివారి ఉమ్మడి జ్ఞాపకం ఒక్కటే. ఆ తరం దాటిపోయాక పటం మిగులుతుంది, జ్ఞాపకం మిగలదు. మునిమనవడు ఆ పటాన్ని జరిగిన సంగతికి రుజువుగా చూస్తాడు. పటంలో చుక్కయినా మారకుండానే, కూతురికి సత్యమైనది మునిమనవడికి అసత్యమవుతుంది. కాబట్టి దోషం కలపడంలో లేదు, కలిపిన సంగతి చెరిగిపోవడంలో ఉంది.

పరిష్కర్త బాధ్యత

ఇదే చిక్కు తెలుగు సాహిత్యానికి కడపలోనే ఎదురైంది. 1820లో కడపలో ఉద్యోగంలో చేరిన సి.పి. బ్రౌన్ తరువాతి కాలంలో అక్కడి తన బంగళాలో పండితులను, లేఖకులను నియమించి, ఒకే కావ్యానికి పలు తాళపత్ర ప్రతులు తెప్పించి పోల్పించాడు. అలా సిద్ధమైన శుద్ధప్రతి కూడా ఒక కూర్పే. ఆ రూపంలో ఆ పాఠం అంతకుముందు ఏ ఒక్క ప్రతిలోనూ ఉండకపోవచ్చు. అయినా దానిని ఎవరూ కూటప్రతి అనరు. ఏ పాఠం ఏ ప్రతిలోనిదో, ఏది పరిష్కర్త ఊహో తెలిపే పాఠాంతర సూచిక దానిని కాపాడుతుంది. లేయర్లు నిలిచిన ఫైలు సూచిక ఉన్న పరిష్కృత ప్రతివంటిది. చదునుచేసిన ఫోటో సూచిక తీసివేసిన అచ్చుప్రతివంటిది.

సూచిక లేనప్పుడు ఏమవుతుందో వేమన పద్యాలు చూపుతాయి. బ్రౌన్ 1829లో 693 పద్యాలు, 1839లో 1164 పద్యాలు ప్రచురించాడు. వేమన పేరిట చలామణి అయిన పద్యాల సంఖ్య అంతకంటె చాలా పెద్దది. మకుటం తగిలించగానే ఎవరి పద్యమైనా వేమనది అయింది. ఫోటోకు చట్రం చేసే పని కూడా ఇదే. చట్రంలో ఇమిడిన ఏ శరీరమైనా నాన్న శరీరమవుతుంది.

పూరణ, సవరణ

పరిష్కరణలో మరొక భేదం ఉంది. తాళపత్రం పురుగు తిన్నచోట అక్షరాన్ని ఊహించి పూరించడం వేరు. కవి రాసినది బాగాలేదని దిద్దడం వేరు. వరదలో చెరిగిన ముఖాన్ని తిరిగి తేవడం పూరణ. జీవితమంతా సేద్యం చేసిన మనిషికి కోటు తొడగడం, కూలికి పోయిన తల్లికి పట్టుచీర కట్టించడం సవరణ. బతుకులోని పేదరికాన్ని అది చరిత్ర నుంచి తుడిచివేస్తుంది. విడిపోయి బతికిన దంపతులను కలపడం ఇంకా పెద్ద సవరణ. అక్కడ మాట్లాడలేనివారి నిర్ణయాన్ని బతికున్నవారు మారుస్తున్నారు. పత్రికలు మార్ఫింగ్ అని పిలిచే నేరంలో, ముఖ్యంగా స్త్రీలపై జరిగే దానిలో, ఈ అతిక్రమణ హద్దు దాటుతుంది. సాధనం ఒక్కటే. సంకల్పం వేరు, ఎవరికోసం చేస్తున్నారన్నది వేరు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. బతికుండగా పెట్టలేని పట్టుచీరను చనిపోయాకైనా పెట్టుకొనే హక్కు బిడ్డలకు లేదా? ఉన్నది. సారె పెట్టినట్లే అదీ ప్రేమతో పెట్టినదే. అయితే అది బిడ్డల కోరికకు గుర్తు, తల్లి బతుకుకు కాదు. ఈ భేదం తెలిసినంతవరకు కానుక కానుకగానే ఉంటుంది. తెలియనప్పుడు, ఆ తల్లి మోసిన బరువును మనవలు ఎన్నటికీ ఎరగరు.

ముగింపు

జంటపటం ముఖం మీద ముద్ర వేయనక్కరలేదు. అది సాంత్వనను చెరుపుతుంది. పాఠాంతర సూచిక పుట అడుగున ఉన్నట్లే, ఈ పటానికి సూచిక చట్రం వెనుక ఉండవచ్చు. ఏ ముఖం ఏ ఫోటోలోనిది, ఎవరు ఎప్పుడు కలిపించారు, దుస్తులు ఎవరివి అన్న నాలుగు పంక్తులు చాలు. పెద్ద పటం తయారయ్యాక పాత చిన్న ఫోటోను పారవేయకుండా ఆ చట్రం వెనుకే దాచడం అంతకన్న ముఖ్యం. మూలప్రతి ఉన్నంతకాలం ఏ పరిష్కరణనైనా తిరిగి పరీక్షించవచ్చు. పరిశోధకులు కూడా రచయితల ఛాయాచిత్రాలను ఆధారాలుగా స్వీకరించేటప్పుడు ఈ ప్రశ్నలే వేయాలి. తాళపత్రానికి చూపే జాగ్రత్తను ఫోటోకూ చూపాలి. ముందువైపు దండ వేసుకొని, వెనుకవైపు అతుకుల లెక్క దాచుకొన్న పటం ఇంటివారికి సాంత్వననూ ఇస్తుంది, రాబోయే తరానికి సత్యాన్నీ మిగులుస్తుంది.