ఓపిక అని రాసుకున్న కార్డు

రెండేళ్ల కిందట ఒక ఆదివారం అబిడ్స్‌లో ఉర్దూ నేర్పే పాత పుస్తకం ఒకటి నలభై రూపాయలకి కొన్నాను. ఆదివారాలు అక్కడ షాపులు మూసి ఉంటాయి కదా, దించిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. కాలేజీ రోజుల్లో గేట్ పుస్తకాల కోసం తిరిగిన చోటే, ఇప్పుడు ఏ అవసరమూ లేకుండా తిరుగుతుంటాను. దాశరథి గారి 'గాలిబ్ గీతాలు' చదివినప్పటి నుంచీ ఒక అనుమానం ఉండేది. తెలుగులో నేను పడిన ఆ బాధ గాలిబ్ బాధేనా, లేక దాశరథి గారు నాకు తెలిసిన బాధల్లోంచి ఏరి ఇచ్చిందా? ఆ అనుమానం తీర్చుకోడానికి ముందుగా మనసుకి సంబంధించిన మాటలు నేర్చుకుందామనుకున్నాను.

ఇంజనీరు బుద్ధి ఎక్కడికి పోతుంది! ఫోన్‌లో ఫ్లాష్‌కార్డుల యాప్ పెట్టుకుని నూట ఇరవై కార్డులు తయారు చేశాను. ఒకవైపు ఉర్దూ మాట, రెండోవైపు తెలుగు. గమ్: దుఃఖం. రంజ్: మనస్తాపం. మలాల్: చింత. అఫ్సోస్: విచారం. సబ్ర్: ఓపిక. మెట్రోలో వెళ్తూ వస్తూ మూడు నెలల్లో అన్నీ వచ్చేశాయి. వచ్చేశాయనే అనుకున్నాను.

మా టీమ్‌లో నాకంటే ఐదారేళ్లు పెద్దవాడు ఒక మిత్రుడున్నాడు. ఇల్లు నాంపల్లిలో. నేను భాయ్ అంటాను. వాళ్ల నాన్నగారు పోయారు. మూడో రోజు జియారత్ అయిన సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. దగ్గర కూర్చుని, చెయ్యి పట్టుకుని, కార్డు మీద మాట తీసి అన్నాను: "సబ్ర్ కరో భాయ్." ఉచ్చారణ కూడా బాగా కుదిరింది. అది కుదిరినందుకు లోపల ఎక్కడో చిన్న సంతోషం కలిగిందని ఒప్పుకోవాలి. ఆయన తలూపి ఊరుకున్నాడు.

నెల తర్వాత, చాయ్ తాగుతూ, ఎందుకో ఆ సంగతి నేనే ఎత్తాను. తప్పుగా అన్నానా అని అడిగాను.

"తప్పేం లేదు, అందరూ అంటరు. గానీ మా ఇంట్ల పెద్దోళ్లు 'అల్లా ఆప్కో సబ్ర్ దే' అన్నరు. దేవుడు ఇయ్యాలె అని అడిగిన్రు. నువ్వు చెయ్యి అన్నవ్. చెయ్యమంటే, నేనింకా చేస్తలేనట్టే కదా?"

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం చాయ్ దిగలేదు.

ఇంటికొచ్చి ఆ కార్డు చూశాను. తప్పు అర్థంలో లేదు. సబ్ర్ అంటే ఓపిక, ఓర్పు, నిగ్రహం. నిఘంటువులూ అదే చెబుతాయి. నా కార్డులో లేనిది క్రియ. నూట ఇరవై నామవాచకాలు నేర్చుకున్నాను గానీ, ఏది వస్తుంది, ఏది తగులుతుంది, ఏది చేస్తారు, ఏది ఒకరు ఇస్తే పుచ్చుకుంటారు అన్నది పట్టించుకోలేదు. ఉర్దూలో భయం తగులుతుంది (డర్ లగ్‌నా). సిగ్గు వస్తుంది (షర్మ్ ఆనా). కోపాన్ని తాగేస్తారు (గుస్సా పీనా). గమ్ తింటారు.

ఇదంతా వింతేమీ కాదని తెలుగు వైపు చూసుకుంటే తెలిసింది. మనకీ కోపం వస్తుంది, భయం వేస్తుంది, జాలి కలుగుతుంది, దిగులు పట్టుకుంటుంది. వీటిలో 'నేను' కర్త కాదు, 'నాకు' మాత్రమే. కానీ బెంగ పెట్టుకుంటాం, కోపం తెచ్చుకుంటాం, బాధ దిగమింగుతాం. "కోపం తెచ్చుకోకు" అని ఎదుటివాడికి చెప్పగలం. "కోపం రాకు" అని చెప్పలేం, భాష ఒప్పుకోదు. ఏ భావానికి మనిషిని బాధ్యుణ్ణి చేయొచ్చో, దేనికి చేయకూడదో వ్యాకరణమే కొంత తేల్చి పెట్టింది. కొంతే. "సబ్ర్ కరో"లో వ్యాకరణ దోషం ఏమీ లేదు. అది అనడానికి నేనెవరన్నదే ప్రశ్న.

మా నాయనమ్మ పోయినప్పుడు వచ్చినవాళ్లంతా నాన్నతో "గుండె రాయి చేసుకోవాలి" అన్నారు. ఆయన అందరికీ తల ఊపాడు. ఆ తల ఊపడం ఇన్నేళ్లకి, భాయ్ తల ఊపిన తర్వాత, గుర్తొచ్చింది. సొంత భాషలో అది నాకు వినపడనే లేదు. అప్పుడు నేనూ ఆ మాట అన్నవాళ్లలో ఒకణ్ణి.

అయితే ఇంకొకరి భాషలోని భావాల మాటలు మనం ముట్టుకోకూడదా? అనుభవం లేనివాడికి ఆ మాట మీద హక్కు లేదా? ఈ వాదన కూడా నాకు నచ్చదు. అలా ఆగి ఉంటే తెలుగులో ఖుషీ ఉండేది కాదు, తెలంగాణలో పరేషాను, ఫికరు ఉండేవి కావు. నామోషీనే చూడండి. గ్రీకులో చట్టం, ఆచారం అనే అర్థమున్న మాట అరబ్బీలోకి నామూస్‌గా వెళ్లింది. ఫారసీ, ఉర్దూల్లో పరువు, మర్యాద అయింది. మన దగ్గరికి వచ్చేసరికి పరువు పోతుందేమో అన్న ముడుచుకుపోవడమైంది. ఎవరి అనుమతీ లేకుండా, తప్పులు పలుకుతూ, వందల నోళ్లు వాడితేనే అది మనదైంది. సి.పి. బ్రౌన్ 1854లో తెలుగులో కలిసిన ఇలాంటి అన్యదేశ్యాలకి ఏకంగా వేరే నిఘంటువే అచ్చువేశాడు.

కాకపోతే భాష తీసుకునే చనువు వేరు, దుఃఖంలో ఉన్న మనిషి ముందు నేను తీసుకునే చనువు వేరు. నామోషీ అన్న మొదటివాడు బహుశా తన గురించే అనుకుని ఉంటాడు. నేను నా మాటని ఇంకొకరి మీద ప్రయోగించాను. మాట కొత్తదైనప్పుడు దాన్ని ముందు మన మీద వాడి చూసుకోవాలని ఇప్పుడనిపిస్తుంది. నాకు ఎప్పుడైనా సబ్ర్ అవసరం పడిందా, అది నేను చేశానా, ఎవరైనా ఇచ్చారా అన్నది తెలిశాకే ఆ మాట నోటికి రావాలి. ఎదుటివారి దగ్గర దాన్ని ఆజ్ఞగా కాక కోరికగా అనాలి. కోరికలో కనీసం నాకు తెలియదన్న ఒప్పుకోలు ఉంటుంది.

ఆ తర్వాత ఒక రోజు భాయ్ నన్ను నాంపల్లి యూసుఫైన్ దర్గాకి తీసుకెళ్లాడు. ఆరో నిజాముకి కవిత్వంలో గురువైన దాగ్ దెహల్వీ సమాధి అక్కడే ఉంది. అమీర్ మీనాయీ సమాధీ అక్కడే. అమీర్ కవి మాత్రమే కాదు, 'అమీరుల్లుగాత్' అనే పెద్ద ఉర్దూ నిఘంటువు మొదలుపెట్టినవాడు. 1900లో హైదరాబాదు వచ్చి, ఇక్కడే పోయాడు. ఆయన బతికుండగా అచ్చయిన రెండు సంపుటాలూ అలిఫ్ అక్షరం దాటలేదు. అఫ్సోస్ అలిఫ్‌తో మొదలవుతుంది. సబ్ర్ స్వాద్‌తో మొదలవుతుంది. అంత దూరం రానేలేదు.

ఈ మాట భాయ్‌కి చెబితే, "మరి నువ్వు మూడు నెల్లల్ల అయిపోగొట్టినవ్" అన్నాడు.

ఆ కార్డు తీసెయ్యలేదు. 'ఓపిక' కింద ఇంకో పంక్తి చేర్చాను: అడిగేది, చెయ్యమనేది కాదు. యాప్ ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ కార్డు చూపించి, తెలుసా తెలియదా అని అడుగుతుంది. 'తెలియదు' నొక్కుతున్నాను. మర్నాడు మళ్లీ వస్తుంది.