తాళము వేసిన బాప్తిస్మపు తొట్టి



ఇంగ్లాండు దేశపు పల్లె దేవాలయములలో, వాకిలికి సమీపమున, ఏడెనిమిది వందల ఏండ్లనాటి బాప్తిస్మపు తొట్టులు నేటికిని ఉన్నవి. మన పశువుల కుడితి తొట్టివలె రాతిని తొలిచి చేసినవే. కొన్నిటి అంచున ఇనుప కొక్కెముల మచ్చలు కనబడును. మూతకు తాళము వేసిన గుర్తులవి. ఆశీర్వదించిన నీరు చాల దినములు తొట్టిలో నిలువయుండగా జనులు దానిని దొంగిలించి మంత్రతంత్రములకు వాడుదురను భయముచేత, 1236లో కాంటర్బరీ ప్రధాన బిషప్పు ఎడ్మండు తాళము వేయుడని ఆజ్ఞాపించెను. తాయెత్తుల సంగతి ఎరిగిన మనకిది వింత కాదు.

నీటికి తాళము వేయవచ్చును. అయితే నీటియొద్దకు వచ్చు మనుష్యుని హృదయమును పరీక్షించుట ఎవరి తరము? ఈ ప్రశ్న మన ఒంగోలు ప్రాంతమున గట్టిగా లేచినది. అక్కడ రాతి తొట్టి కాదు, గుండ్లకమ్మ ఏరే బాప్తిస్మపు స్థలము.

1876-78 ధాత కరవులో బాప్టిస్టు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు కంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. మన తెలుగు బోధకులే పనివారిపై మేస్త్రీలు. విశ్రాంతి వేళ వారే సువార్తికులు. మాదిగపల్లెలవారు అనేకులు బాప్తిస్మము కోరిరి. దొరగారు ఇయ్యలేదు. కూటికొరకు చేరిరను మాట రాకూడదని ఏడాదికి పైగా ఆపిరి. సహాయపు సొమ్ము ముగిసిన తరువాతనే ద్వారము తెరచిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున ఏటిలో దిగి, 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి.

దొరగారి జాగ్రత్త మెచ్చదగినదే. అది లేకున్న మన తాతలపై పడిన నింద ఇంకను బరువయ్యెడిది. అయినను నా మనస్సు పూర్తిగా ఒప్పుకొనదు. ఆ ఏడాదిలో ఆకలిచేతను కలరాచేతను లక్షలమంది మరణించిరి. కనిపెట్టుకొనియుండి కన్నుమూసినవారిని సంఘములో లెక్కింపకుందుమా? మరియొకటి: తొట్టియొద్దకు తెచ్చిన పసిబిడ్డను ఏ ఉద్దేశముతో వచ్చితివని ఎవరును అడుగరు. శిశు బాప్తిస్మమును ఒప్పని సంఘములలో సైతము, కలిగినవాని కుమారుడు తండ్రి మాటకొరకో పెండ్లికొరకో ముందుకు వచ్చినప్పుడు ఇంత శోధన జరుగుట అరుదు. కడుపు నిండినవాని కోరిక శుద్ధమైనదనియు, కాలుచున్న కడుపు అబద్ధమాడుననియు మనకెవరు చెప్పిరి?

యోహాను ఆరవ అధ్యాయము చదువుడి. రొట్టెలు తిని తృప్తిపొందినందున నన్ను వెదకుచున్నారని ప్రభువు జనులను గద్దించెను, నిజమే. కాని ముందు రోజు పెట్టినవాడును ఆయనే. ఎందుకు వచ్చితివని విచారించి పంక్తిలో కూర్చుండబెట్టలేదు. గద్దించిన పిమ్మట వారిని వెళ్లగొట్టనులేదు. జీవాహారమును గూర్చి వారితోనే మాటలాడెను. అటుపిమ్మట అనేకులు వెనుకతీసిరి, తమంతట తామే.

ఇప్పటికిని సంఘపెద్దల కూటములలో, క్రొత్తగా వచ్చిన బీద కుటుంబమును గూర్చి, “వీరు దేనికొరకు వచ్చిరో?” అను మాట వినబడుచుండును. అడుగు పెద్దలలో ఎందరి ముత్తాతలు ఆ కాలువ మన్ను మోసిరో!