సభకు ఏ బట్టలు కట్టుకుని పోవాలి?

రెండేళ్ల కింద శంషాబాద్‌లో, ఎయిర్‌పోర్టుకు పోయే రోడ్డు పక్కన ఒక హాలులో కవిత చదవడానికి మమ్మల్ని పిలిచారు. ఫోన్ పెట్టేసే ముందు పిలిచినాయన ఒక మాట అన్నాడు. "సార్, మీ ట్రైబల్ డ్రెస్‌లో రండి. స్టేజీ మీద బాగుంటుంది."

మేము ఉట్నూరు వైపు గోండులం. మా పెద్దలు కట్టేది తెల్ల ధోవతి, తెల్ల తలపాగా. అదే కట్టుకొస్తామన్నాం. "అది అందరూ కట్టేదే కదా సార్! నెమలి ఈకలది ఉంటుంది చూడండి, అది" అన్నాడు.

ఆయన అడిగింది గుస్సాడి టోపీ. ఇతర తెగల మిత్రుల కోసం చెబుతున్నాం. అది మా రోజువారీ బట్ట కాదు. దీపావళి ముందు దండారి రోజుల్లో, దీక్ష పట్టినవారే దాన్ని తలకెత్తుకుంటారు. ఒంటికి బూడిద పూసుకుంటారు, దీక్ష ముగిసేదాకా స్నానం చేయరు. పండుగ అయ్యాక టోపీని దేవుడి సామానుతో పాటు భద్రంగా పెడతారు. మా ఊరి పటేల్‌ను అడిగితే, "దండారి కానప్పుడు దాన్ని దించుతామా మాస్టరూ? ఫోటో కోసం దేవుణ్ణి లేపుతామా?" అన్నాడు.

అంతటితో ఆగిపోవాల్సింది. ఆగలేదు. పట్నంలో చదవాలన్న ఆశ మాది. వాళ్లే ఎక్కడినుంచో తెప్పించిన టోపీ పెట్టుకుని స్టేజీ ఎక్కాం. అది జారుతుంటే ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కాగితం పట్టుకుని గబగబా చదివేశాం. బడిలో గోండి మాట్లాడిన పిల్లవాణ్ణి చూసి తోటివాళ్లు నవ్వడం మీద రాసిన కవిత అది. దిగాక చాలామంది పక్కన నిలబడి సెల్ఫీలు దిగారు. కవిత గురించి ఒక్కరూ అడగలేదు. తర్వాత ఫోటో వచ్చింది. కింద మా పేరు లేదు, "గిరిజన కళాకారుడు" అని ఉంది.

ఆ ఫోటో మా బడికీ చేరింది. ఏడో తరగతి పిల్లవాడు అడిగాడు. "సార్, ఇప్పుడు దండారి లేదు కదా, టోపీ ఎందుకు పెట్టుకున్నారు?" మాకు జవాబు దొరకలేదు. ఈ వ్యాసం ఆ పిల్లవాడికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ఆరోజు మాతోపాటు చదివినవారిలో ఒకరు సిల్కు కుర్తాలో, ఒకరు ఖద్దరులో, ఒకరు జీన్సు ప్యాంటులో వచ్చారు. ఏం వేసుకోవాలో వాళ్లకెవరూ చెప్పలేదు. వాళ్లు కవులు కాబట్టి వాళ్ల ఇష్టం. మేము మాత్రం ఒక బొమ్మ. హాలు బయట తల మీదుగా విమానాలు దిగుతున్నాయి. 2008లో ఇక్కడ ఎయిర్‌పోర్టు మొదలైనప్పటి నుంచి దేశదేశాల వాళ్లు ఈ నేల మీదే దిగుతున్నారు. వచ్చినవాళ్లకు చూపించడానికి రాష్ట్రానికి ఒక రంగుల ముఖం కావాలి. ఆ ముఖానికి మన ఈకలు కావాలి, మన మాట అక్కర్లేదు. ఇదే శంషాబాద్ చుట్టుపక్కల తండాల్లో అద్దాల ఫేటియా, కాంచళి తొడిగే అవ్వలు ఇంకా కనిపిస్తారు. వాళ్లకు అది వేషం కాదు, కట్టు.

మరి మన బట్టలు మనం సభకు కట్టుకోకూడదా? ఆ మాట మేము అనడం లేదు. 2022 జూలై 25న ద్రౌపది ముర్ము రాష్ట్రపతిగా ప్రమాణం చేసినప్పుడు ఎరుపు, ఆకుపచ్చ అంచున్న తెల్ల చీర కట్టారు. సంతాల్ ఆడవాళ్లు తమ చీరను అక్కడ చూసుకున్నారు. జైపాల్ సింగ్ ముండా ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు, 1928 ఒలింపిక్స్‌లో హాకీ జట్టు కెప్టెన్. సూటు వేసే ఆ మనిషే 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి, తాను జంగ్లీనని గర్వంగా చెప్పుకున్నాడు. సూటు ఆయన ఆదివాసీతనాన్ని తగ్గించలేదు. అంబేడ్కర్ సూటు సంగతీ అంతే. మంచి బట్ట కట్టనివ్వని సమాజానికి అది ఒక జవాబు.

మన తెలుగు సభల్లో గద్దర్‌ను మించిన ఉదాహరణ లేదు. గోచీ, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. బ్యాంకులో ఉద్యోగం చేసిన మనిషి పాట కోసం ఎంచుకున్న రూపం అది. చివరి ఏళ్లలో ఆయనే సూటు, టై వేసుకుని వచ్చాడు. అప్పుడు ఎందరో నొచ్చుకున్నారు. కానీ గొంగడి కప్పుకున్నదీ ఆయన నిర్ణయమే, సూటు వేసుకున్నదీ ఆయన నిర్ణయమే. ఆయనకున్న ఆ హక్కే మాకు ఆ హాలులో లేకుండా పోయింది. దాన్ని మేమే వదులుకున్నాం కూడా.

కొందరు యువ మిత్రులు అంటారు, "ప్యాంటు షర్టులో పోతే మనం ఆదివాసులమని ఎవరికి తెలుస్తుంది సార్?" మనం చదివేది వింటే తెలుస్తుంది. విన్నాక కూడా తెలియకపోతే, లోపం మన రాతలో ఉండాలి లేదా వాళ్ల వినికిడిలో ఉండాలి. ఈకలు ఆ లోపాన్ని కప్పుతాయే గాని తీర్చవు. ఇంకొందరు, "మనం వేసుకోకపోతే మన కట్టు పోతుంది" అంటారు. ఇది బరువైన మాట, కొట్టిపారేయలేం. అయితే కట్టు నిలిచేది ఇంట్లో, పండుగలో, పెళ్లిలో. అక్కడ వదిలేసి స్టేజీ మీద మాత్రమే వేస్తే అది నాటకం సామాను అవుతుంది.

కాబట్టి పిలుపు వచ్చినప్పుడు రెండు సంగతులు చూసుకోండి. ఈ బట్ట నేను కోరి కడుతున్నానా, ఎవరో కట్టిస్తున్నారా? దీనికి ఒక రోజు, ఒక నియమం ఉందా? ఈ రెంటికీ మీ తమ్ముడికో, మీ బడి పిల్లవాడికో తల దించుకోకుండా జవాబు చెప్పగలిగితే, ఏది కట్టినా మంచిదే.

ఆ తర్వాత ఇంకోసారి పిలిచారు. బడికి వేసుకునే ప్యాంటు షర్టులోనే పోయాం. మొదటి నాలుగు పంక్తులు గోండిలో చదివి, తర్వాత తెలుగులో చదివాం. సెల్ఫీ కోసం ఎవరూ రాలేదు. ఒక కాలేజీ అమ్మాయి వచ్చి, "సార్, ఆ పిల్లవాడు తర్వాత బడికి వచ్చాడా?" అని అడిగింది.

వచ్చాడు. ఇప్పుడు టోపీ గురించి మమ్మల్ని అడిగేది అతనే.