యోబుకు మొదట పుట్టిన పిల్లలు

యోబు గ్రంథం చివరికొచ్చేసరికి లెక్కలు సరిపోతాయి. 7,000 గొర్రెలు పోగొట్టుకున్నవాడికి 14,000 వచ్చాయి. 3,000 ఒంటెలకు 6,000. 500 జతల ఎద్దులకు 1,000 జతలు. అన్నీ రెండింతలే. పిల్లలు మాత్రం రెండింతలు కాలేదు. మొదట ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. పెద్దన్న ఇంట్లో భోంచేస్తుండగా ఇల్లు కూలి పదిమందీ ఒకేరోజు పోయారు. చివర్లో మళ్లీ ఏడుగురు, మళ్లీ ముగ్గురు. ఈ కొత్త కూతుళ్లకు పేర్లు కూడా ఉన్నాయి: యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. చనిపోయిన పదిమందిలో ఒక్కరి పేరు కూడా ఆ గ్రంథంలో కనిపించదు.

కష్టం, విశ్వాసం, విమోచన. ఈ మూడు మెట్లూ ఎక్కే కథ ఏది చదివినా నాకు ఆ పేర్లులేని పదిమందే గుర్తొస్తారు. వాళ్ల సంగతి ఏం చేశారన్నది ప్రతి రచయితనీ అడగాలనిపిస్తుంది. కథ సుఖాంతమైతే పాత చావులకు అర్థం వచ్చినట్టేనా? ఒకరి బాగుపడటం కోసం ఇంకొకరు నలిగిపోతే, దాన్ని కృప అనొచ్చా?

క్రైస్తవ కథలంటే సాహిత్యం చదివేవాళ్లలో ఒక చిన్నచూపు ఉంది. ప్రసంగమే కదా, ముగింపు ముందే తెలుసు కదా అంటారు. ముగింపు తెలిసిన మాట నిజమే. యాచారం వైపు ఏ చిన్న సంఘంలో కూర్చున్నా ఆదివారం సాక్ష్యాల్లో ఆ ప్లాట్ వినిపిస్తుంది. ముందు తాగుడు, అప్పు, జబ్బు. తర్వాత ప్రార్థన. ఆ తర్వాత మార్పు. చెప్పేవాళ్లకు అది ప్లాట్ కాదు, బతుకు. రోజుకూలీకి పోయే మనిషి పదిమంది ముందు నిలబడి తన జీవితానికి ఒక మొదలు, ఒక మలుపు ఉన్నాయని చెప్పుకోవడం చిన్న విషయమేం కాదు. అందుకే ఈ కథారూపాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

అయితే ఆ మలుపు ఇంకా రానివాళ్ల మాటేమిటి? ఒక ఆదివారం ఒకామె లేచి, కొడుకు ఇంకా తాగుతనే ఉన్నడు, అప్పు కూడా అట్లనే ఉంది, "అయినా ఈ వారం గూడ వచ్చిన" అని చెప్పి కూర్చుంది. కాసేపు ఎవరూ హల్లెలూయ అనలేదు. ఎక్కడ అనాలో వాళ్లకు తెలియలేదు. ఆమె సాక్ష్యంలో మూడో మెట్టు లేదు మరి.

విమోచన నవలలు చదివేటప్పుడు నేను ఒక ప్రశ్న దగ్గర పెట్టుకుంటాను. ఈ మార్పుకి ఖర్చు ఎవరు భరించారు?

విక్టర్ హ్యూగో 'లే మిజరబ్' 1862లో వచ్చింది. మన వాళ్లకు అది 1950లో చిత్తూరు నాగయ్య నటించిన 'బీదలపాట్లు' సినిమాగా కూడా తెలుసు. వెండి సామాన్లు ఎత్తుకుపోయిన జా వల్జా పోలీసులకు దొరికిపోతాడు. బిషప్ వాటిని తానే ఇచ్చానని చెప్పి, మర్చిపోయావంటూ వెండి కొవ్వొత్తి స్తంభాలు కూడా చేతిలో పెడతాడు. ఆ మార్పుకి ఖర్చు భరించింది బిషప్. తనది తాను ఇచ్చాడు, ఇంకొకరిది ఇవ్వలేదు. ఆ సన్నివేశం ఇంత కాలం నిలబడటానికి కారణం అదేననుకుంటాను. కానీ అదే నవలలో ఫాంటీన్ ఉంది. కూతురి కోసం జుట్టు అమ్ముకుంది, పళ్లు అమ్ముకుంది, చివరికి ఒళ్లు అమ్ముకుంది, కూతుర్ని చూడకుండానే చచ్చిపోయింది. ఆ బిడ్డను పెంచడంలో వల్జా మరింత మంచివాడవుతాడు. ఫాంటీన్ మాత్రం మొదటి పదిమందిలోనే మిగిలిపోతుంది.

ఈ ప్రశ్నను పాత్రతోనే అడిగించినవాడు టాల్‌స్టాయ్. 1899లో వచ్చిన 'రిసరెక్షన్'లో నెహ్ల్యూదవ్ జ్యూరీ సభ్యుడిగా కోర్టులో కూర్చుంటే, ఎదురుగా ముద్దాయి స్థానంలో కత్యూషా నిలబడి ఉంటుంది. ఒకప్పుడు అతను లొంగదీసుకుని వదిలేసిన అమ్మాయి. ఆమె చెయ్యని నేరానికి శిక్ష పడుతుంది. అతను పశ్చాత్తాపంతో రగిలిపోయి, పెళ్లి చేసుకుంటానంటాడు, సైబీరియా దాకా వెంట వెళ్తాడు. మామూలు రచయితయితే పెళ్లితో ముగించేవాడు. టాల్‌స్టాయ్ కత్యూషా చేత జైల్లోనే అతన్ని నిలదీయిస్తాడు: ఈ లోకంలో నన్ను వాడుకున్నది చాలక, పరలోకానికి కూడా నన్నే మెట్టు చేసుకుంటున్నావా అన్న అర్థంలో. చివరికి ఆమె అతన్ని కాదని, తోటి ఖైదీ సిమన్‌సన్‌తో ఉండటానికి నిర్ణయించుకుంటుంది. నెహ్ల్యూదవ్ మారాడు, సంతోషం. కానీ ఆమె పడిన కష్టం అతని మార్పు కోసం కాదు. ఈ రెంటినీ విడదీసి చూపించడంలో ఆ నవల నిజాయితీ ఉంది.

మన దగ్గర ఈ లెక్క ఇంకా చిక్కుగా ఉంటుంది. ఇక్కడ విశ్వాసం చాలాచోట్ల కరువుతో కలిసి వచ్చింది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని, మాదిగలకు కూలి పని చూపించాడు. బాప్తిస్మం కావాలని వేలమంది అడిగారు. ఆకలిని విశ్వాసం అనుకుంటారేమోనన్న భయంతో, కరువు పనులు నడుస్తున్నంత కాలం అతను ఇవ్వలేదు. పనులు ముగిశాక, 1878 జులై 3న, ఒక్కరోజులోనే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మెదక్ చర్చిది కూడా ఇలాంటి చరిత్రే. కరువు రోజుల్లో పనికి ఆహారంగా మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ మొదలుపెట్టిన ఆ గుడి, పదేళ్ల కట్టడం తర్వాత 1924 క్రిస్మస్ రోజున తెరుచుకుంది.

ఈ చరిత్రని రెండు రకాలుగా చెప్పొచ్చు. "కరువులో ఎవరో పని చూపించారు, అన్నం పెట్టారు" అనేది ఒకటి. "ఇంత గొప్ప గుడి లేవడానికే దేవుడు కరువు తెచ్చాడు" అనేది ఇంకొకటి. వినడానికి రెండూ విశ్వాసపు మాటల్లాగే ఉంటాయి. మొదటిది కృతజ్ఞత. రెండోది ఆ కరువులో చచ్చిపోయినవాళ్లని పునాది రాళ్లుగా మార్చేస్తుంది. విమోచన కథ చెడిపోయేది ఇక్కడే.

జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000) నాకు ముఖ్యమైన నవల కావడానికి కారణం కూడా ఇదే. అందులో శివయ్య కరువుకి ఊరు విడుస్తాడు. కాలువ పని దగ్గరకు పోతే అక్కడ కూడా అంటరానితనమే ఎదురవుతుంది. తర్వాత క్రైస్తవుడై సైమన్ అవుతాడు. పేరు మారుతుంది గానీ, చుట్టూ ఉన్న కులం మారదు. మామూలు సాక్ష్యంలో మార్పుకి ముందున్నదంతా చీకటి. ఈ నవలలో అలా కాదు. రూతు జ్ఞాపకాల గుండా కథ వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్లి ఎల్లన్న దగ్గర ఆగుతుంది. ఆటా పాటా తెలిసిన ఎల్లన్న, అతని సుభద్ర. బైబిలు వాళ్ల ఇంటికి రాకముందే వాళ్లకు అందం ఉంది, ప్రేమ ఉంది, పేర్లున్నాయి. మొదటి పిల్లలకు పేర్లు తిరిగి ఇచ్చిన నవల ఇది.

కొత్త పేరుతో కథ ముగియదని చెప్పడానికి సర్టిఫికెట్ చాలు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కాని దళితుడు షెడ్యూల్డ్ కులం కాదు. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవులు ఇంకా బయటే ఉన్నారు. మన రెండు రాష్ట్రాల్లోనూ వాళ్లది బీసీ-సి. అందుకే బడి రిజిస్టర్లో ఒక పేరు, గుడిలో ఒక పేరు ఉన్న మనుషులు మన చుట్టూ ఉన్నారు. విమోచన పొందినవాడిని తహసీల్దార్ ఆఫీసులో ఏమని రాయాలి? ఇంతవరకూ వచ్చి ఈ ప్రశ్న వేసే క్రైస్తవ కథలు మనకు ఇంకా కావాలి.

యోబు లెక్క యాచారంలో చదివితే ఇంకోలా తగులుతుంది. మేడిపల్లి, కుర్మిద్ద, తాటిపర్తి, నానక్‌నగర్ రైతులు ఫార్మాసిటీ భూసేకరణ మీద ఏళ్ల తరబడి నిరసనలు చేశారు, హైకోర్టు దాకా వెళ్లారు. భూమికి పరిహారం అనేది గొర్రెల లెక్క. ఎకరాకి ఇంత అని కట్టొచ్చు, కావాలంటే రెండింతలు కూడా చెయ్యొచ్చు. పొలం గట్టున నాన్న సమాధి ఉంటే అది పిల్లల లెక్క. దాని బదులు ఇంకోటి ఇస్తే చెల్లిపోయేది కాదు. అభివృద్ధి గురించి చెప్పే కథ కూడా ఒకరకంగా విమోచన కథే: ఇప్పుడు కష్టం, ముందుంది మంచికాలం. కష్టం ఒకరిది, మంచికాలం ఇంకొకరిది అయినప్పుడు, దాన్నీ అదే ప్రశ్న అడగాలి.

మరి విశ్వాసానికి ఏం మిగులుతుంది? చాలా మిగులుతుందనే నా నమ్మకం. "ఈ వారం గూడ వచ్చిన" అన్న ఆమె తన కష్టానికి కారణం చెప్పలేదు. దానివల్ల ఏదో మేలు జరిగిందని కూడా అనలేదు. అందులో ఒంటరిగా లేనని మాత్రమే చెప్పింది. తోడు వేరు, సంజాయిషీ వేరు. కష్టంలో దేవుడు తోడున్నాడని చెప్పే కథ చదివి నేను ఏడవగలను. కష్టమే దేవుడి పథకమని చెప్పే కథ దగ్గర మాత్రం పుస్తకం మూసేస్తాను.

యోబు స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు కూడా ఇక్కడే తప్పారు. అతని కష్టానికి అధ్యాయాల కొద్దీ కారణాలు చెప్పారు. చివర్లో దేవుడికి కోపం వచ్చింది వాళ్ల మీదే. కానీ నోరు తెరవకముందు వాళ్లు ఒక మంచిపని చేశారు. దూరాల నుంచి నడిచొచ్చి, నేల మీద అతని పక్కన ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. పదిమంది పిల్లలు పోయిన ఇంట్లో చెయ్యగలిగింది అదే. మంచి నవల కూడా మొదట అలా కూర్చోవడం నేర్చుకోవాలి.