లోతుగా త్రవ్విన పునాది

పాఠము: లూకా 6:47–49



రేగడి నేలలో ఇల్లు కట్టుకొనినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. గోడ చక్కగానే లేచును, సున్నము చక్కగానే ఆరును. రెండు వానకాలములు, రెండు వేసవులు గడచునప్పటికి కిటికీ మూలనుండి ఏటవాలుగా ఒక బీట బయలుదేరును. తలుపు పట్టివేసి మూతపడదు. మేస్త్రీని నిందింతుము, సిమెంటును నిందింతుము. అయితే తరచుగా ఆ బీట గోడలో పుట్టినది కాదు; గోడ క్రింది మంటిలో పుట్టినది.

కర్నూలు, గుంటూరు, ఆదిలాబాదు ప్రాంతముల నల్లరేగడిలో ఉబ్బెడి గుణముగల బంకమన్ను విస్తారముగా నున్నది. ఆ జాతి మంటిలో ముఖ్యమైన దానికి, ఫ్రాన్సు దేశమందలి ఒక ఊరి పేరునుబట్టి 1847లో మాంట్‌మొరిల్లనైట్ అని పేరు పెట్టిరి. అది పుస్తకములోని ఆకులవలె రేకులు రేకులుగా నుండును. పది లక్షల రేకులు పేర్చినను మందము సుమారు 1 మిల్లీమీటరే. ఆ రేకుల పట్టు వదులు. వాన పడగానే నీరు వాటి నడుమ దూరును, రేకులు ఎడమగును, నేల పైకి లేచును. ఎండ కాయగా నీరు పోవును, రేకులు దగ్గరగును, నేల నెఱ్ఱెలు విచ్చును. పింగాణి పాత్రలు చేయు మంటిలోను రేకులున్నవి గాని, అవి ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనియుండును గనుక నీరు నడుమకు పోజాలదు.

ఇందునుబట్టి రేగడిని శాపగ్రస్తమైన నేల అనవచ్చునా? అనరాదు. వానలు వెళ్లిపోయిన తరువాత శనగను, జొన్నను పండించునది అది దాచిన చెమ్మయే. దేవుడు మంచి గుణమునే దానికిచ్చెను.

మరి గోడను చీల్చునదేమి? నేల తడియుట మాత్రమే కాదు, ఒకచోట తడిసి మరియొకచోట ఎండుట. చూరు నీరు పడిన ప్రక్క ఉబ్బును, ఎండ తగిలిన ప్రక్క క్రుంగును. నడుమనున్న గోడ చీలును.

ప్రియులారా, మన హృదయములును ఇట్టివే. పంట వచ్చిన యేట, కుమారునికి ఉద్యోగము దొరకిన యేట మనము ఉబ్బుదుము. అప్పు మీదపడిన యేట బీటలు వారుదుము. సంఘములోను ఇదే జరుగును. ఒక కుటుంబమునకు గౌరవమంతయు పోయుదుము. మరియొక కుటుంబము వ్యాధిలోనున్నను గడప త్రొక్కము. అటుపిమ్మట సంఘము ఎందుకు చీలినదని ఆశ్చర్యపడుదుము! కొరింథులో కొందరు తమ తెలివినిబట్టి ఉబ్బినప్పుడు పౌలు వారికి చూపిన మార్గము ప్రేమయే.

రేగడిలో కట్టువారు ఏమి చేయుదురు? చూరు నీటిని గోడ మొదటినుండి దూరముగా పారనిత్తురు. పునాదిని లోతునకు దింపుదురు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఇట్టి నేలలకొరకు అడుగున గడ్డవలె వెడల్పైన స్తంభములను రూపొందించిరి. లోతైన రేగడిలో వాటిని సాధారణముగా 3.5 మీటర్లకు తక్కువ కాకుండ దింపుదురు. ఏలయనగా ఆ లోతున వానకాలమును లేదు, వేసవియు లేదు. చెమ్మ ఏడాది పొడవున ఇంచుమించు ఒక్కటే. పైనేల ఉబ్బినను క్రుంగినను ఇల్లు నిలుచును.

బండమీద కట్టిన మనుష్యుని గూర్చి మత్తయియు వ్రాసెను. అయితే అతడు లోతుగా త్రవ్వెనని చెప్పినవాడు లూకా. త్రవ్వుట కష్టము, పూడ్చిన తరువాత ఎవరికిని కనబడదు. విన్న వాక్యము చొప్పున నడచుట అట్టిదే. పగబట్టిన పొరుగువానితో సమాధానపడుట, రహస్యమందు ప్రార్థించుట, మరువబడిన ఇంటికి మనమే ముందుగా వెళ్లుట, ఇవియే మన త్రవ్వకము. సిరి వచ్చినను లేమి వచ్చినను మారని క్రీస్తు ఆ లోతున మనకు ఆధారమైయున్నాడు.

ఈ నెలలో బీటకు పైపూత పూయుట మాని, గడ్డపార చేతబట్టుదమా? ప్రభువు మనకట్టి కృప దయచేయును గాక. ఆమేన్.