మందు, మత్తు, న్యాయతీర్పు
ధ్యానభాగము: సామెతలు 31:4-9



గంజాయి అను మాట వినగానే మన గ్రామములలో జ్ఞాపకమునకు వచ్చునది చెడిపోయిన కుమారుడును, వాని కొరకు ఏడ్చు తల్లియును. కాబట్టి అమెరికా దేశములో దానిని రోగులకు మందుగా ఇచ్చు దుకాణములను న్యాయస్థానములు అడ్డగించినవని వినినప్పుడు, మంచి పని జరిగెనని మనము వెంటనే సంతోషింతుము. మన సంఘస్థుల బిడ్డలు అనేకులు ఆ దేశములో కాపురమున్నారు గనుక ఈ సంగతి మనకు బొత్తిగా పరాయిది కాదు. సంతోషించుటకు ముందు దీనిని వాక్యపు వెలుగులో పరీక్షించుట మేలని తలంచుచున్నాము.

1996లో కాలిఫోర్నియా రాష్ట్ర ప్రజలు ఓట్లు వేసి, వైద్యుని సలహా మీద రోగి గంజాయిని వాడుకొనవచ్చునని చట్టము చేసికొనిరి. అయితే 1970 నాటి కేంద్ర చట్టము దానిని వైద్యమునకు పనికిరాని వస్తువులలో చేర్చెను. ఈ రెండు చట్టములకు పొత్తు కుదరలేదు. ఓక్లండు పట్టణములో రోగులకు దానిని పంచిపెట్టుచుండిన ఒక సహకార సంఘపు వ్యాజ్యములో, రోగికి అవసరమనునది కేంద్ర చట్టము ఎదుట చెల్లదని 2001లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పెను. మరుసటి సంవత్సరము కేంద్ర అధికారులు ఒక రోగి ఇంట పెరిగిన ఆరు మొక్కలను నాశనము చేసిరి. ఆ వ్యాజ్యము కూడ సుప్రీం కోర్టుకు వచ్చెను. 2005లో ఆరుగురు న్యాయాధిపతులు కేంద్ర చట్టము పక్షమునను, ముగ్గురు దానికి ఎదురుగాను నిలిచిరి. 2013లో ఆ రాష్ట్రపు సుప్రీం కోర్టే, పట్టణములు తమ హద్దులలో ఇట్టి దుకాణములను నిషేధింపవచ్చునని రివర్‌సైడు వ్యాజ్యములో ఏకగ్రీవముగా తీర్మానించెను.

2005 నాటి తీర్పును వ్రాసిన స్టీవెన్స్ అను న్యాయాధిపతి, ఆ రోగులకు తీరని హాని కలుగునను వాదము బలమైనదని ఒప్పుకొనెను. అయినను దానికి విరుగుడు శాసనసభలో వెదకవలెనని సూచించెను. ఎదురు పక్షమున వ్రాసిన ఓకానర్ అను న్యాయాధిపతురాలు, తానే ఓటరునై యుంటే ఆ రాష్ట్రపు చట్టమునకు ఓటు వేసియుండనని చెప్పియు, దానిని చేసికొను హక్కు ఆ ప్రజలకు కలదనెను. తనకు ఇష్టమైనదే న్యాయమని వీరిలో ఎవరును అనుకొనలేదు. మనమును ఇది నేర్చుకొనవలెను.

ఇప్పుడు మన ధ్యానభాగమును చూతము. లెమూయేలు రాజునకు అతని తల్లి బోధించినది గమనించుడి. రాజులు మద్యము ముట్టరాదు. ముట్టినయెడల కట్టడలను మరచి దీనులకు అన్యాయము చేయుదురు. కాని ఆ వెంటనే ఆమె, నశించుచున్నవానికి అదే మద్యమును ఇయ్యుమని చెప్పుచున్నది. వస్తువు ఒక్కటే. ఒకనికి అది ఉరి, మరియొకనికి ఉపశమనము. 2017లో అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థల పండితులు వెలువరించిన నివేదిక కూడ, పెద్దవారి దీర్ఘకాలపు నొప్పికి గంజాయి ఉపకరించునని బలమైన ఆధారములు కలవనుచునే, మతిభ్రమ వంటి మానసిక వ్యాధులతో దానికి సంబంధము కలదని హెచ్చరించెను.

కాబట్టి రెండు తప్పుల నుండి మనము తప్పించుకొనవలెను. మొదటిది, కనికరము పేరు చెప్పి మత్తునకు తలుపు తీయుట. రోగము లేనివాడు రోగి వరుసలో నిలిచినయెడల అతడు నిజమైన రోగిని దోచుకొనుచున్నాడు. రెండవది, చట్టము పేరు చెప్పి బాధపడువానిని మరచుట. రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయము అధికారులకు లోబడుమని మనకు నేర్పుచున్నది, నిజమే. అయితే లోబడుట వేరు, నోరు మూసికొనుట వేరు. ఆ తల్లియే 8వ వచనములో, మాటలాడలేని వారి పక్షమున నోరు తెరువుమని రాజునకు ఆజ్ఞాపించుచున్నది. 2014లో అమెరికా శాసనసభ, రాష్ట్రముల వైద్య గంజాయి చట్టములను అడ్డుటకు కేంద్ర న్యాయశాఖ ధనము వెచ్చింపరాదని కట్టడ చేసెను. న్యాయాధిపతి చూపిన ద్వారము నొద్ద ప్రజలు తట్టిరి. అది కొంతవరకు తెరువబడెను.

మన ప్రభువు సిలువ యొద్ద బోళము కలిపిన ద్రాక్షారసమును పుచ్చుకొనలేదు. అది ఆయన తనకు తాను ఏర్పరచుకొనిన త్యాగము. ఇతరుల నొప్పిని చూచి, ఓర్చుకొనుమని ఆయన ఎవరిని విడిచిపెట్టెను? మంచి సమరయుని గూర్చి చెప్పినప్పుడు, గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసిన చేతిని ఆయన మనకు మాదిరిగా చూపెను. ఆ సమరయుడు అంతటితో ఆగలేదు. పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, ఎక్కువైనది మరల వచ్చి తీర్చెదననెను.

దుకాణము మూయించిన తీర్పును మెచ్చుకొను విశ్వాసి ఆ రెండు దేనారములు చేత పట్టుకొని మెచ్చుకొనవలెను. తలుపు మూయబడిన సాయంకాలము రోగి నొప్పి మూయబడదు గదా! రాత్రి అతని మంచము ప్రక్క కూర్చుండువారెవరు? అతని వైద్యమునకు ఖర్చు పెట్టువారెవరు? మన గ్రామములోనే వాంతులతో, నొప్పులతో మూలుగుచున్న కేన్సరు రోగి ఇల్లు మనకు తెలియును. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఆ ఇంటికి పోవుదము.

న్యాయమును కనికరమును విడదీయని దేవుడు మనకు రెండును దయచేయును గాక. ఆమేన్.